పెద్ద బ్యాటరీ పద్యానికి సంజీవనీ వ్యాఖ్య

అవతారిక. పల్నాడులో మా అచ్చంపేట సెంటర్లో టీ కొట్టు ముందు పాత ట్రాక్టరొకటి మొరాయించిందంటే చాలు, దాని చుట్టూ శాస్త్రం పుడుతుంది. బానెట్ ఎత్తరు, వైరు ముట్టుకోరు. ఒకాయన కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని తీర్పు చెప్పేస్తాడు: బ్యాటరీ పోయింది, పెద్దది వెయ్యాలి. ఎంత పెద్దది? వంద ఆంపియర్లంటాడు. పక్కనున్నాయన నూట ఇరవై అంటాడు. వేలంపాట నడిచినట్టు నడిచి నూట యాభై దగ్గర ఆగుతుంది, అదీ గ్లాసులో టీ అయిపోయింది కాబట్టి. ఈ తీర్పు మొదట ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు, ఇవ్వనివాడు లేడు. కర్త లేని వాక్యాన్ని అపౌరుషేయం అంటారు గదా, దానికి ఇంతకాలం వ్యాఖ్య లేకపోవడం లోటే. వచనానికి టీక రాస్తే పండితులు మొహం చిట్లిస్తారు గనక ఆ తీర్పును ఆటవెలదిలో పెట్టాను. భావం వారిది, గణాలు నావి.

పేరు మోసినట్టి పెద్ద బ్యాటరి వేయ
ముసలి బండి యైన మురిసి లేచు
కాసు లెక్కచూడఁ గారాదు రైతన్న
ఆంపియర్లె రాజు లవనియందు

టీకాకారులందరికీ ఒరవడి కోలాచలం మల్లినాథసూరి. మెదకు సీమవాడు, తెలుగువాడు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన టీక సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చుకున్నాడు. రెండో మాట నేను ఇవ్వలేను. మొదటిదీ కష్టమే, ఎందుకంటే ఈ పద్యంలో ఉండాల్సినవేవీ లేవు. టీక పేరొక్కటే ఆయన దగ్గర అరువు తెచ్చుకున్నాను. చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికి ఆయన సంజీవని రాశాడు. ఇక్కడ మూర్ఛపోయింది మా బాబాయి ట్రాక్టరు, మాసీ 1035. విషం మాత్రం అదే.

ప్రతిపదార్థం. వేయ, బండి, అవనియందు: ఇవి సుగమాలు. ‘సుగమం’ అన్నది టీకాకారుడు తనకు తెలియని చోట వాడే మాటని గిట్టనివాళ్లు అంటారు. వాళ్లను పట్టించుకోకండి.

పేరు మోసినట్టి: ఏ పేరు అన్నది కవి చెప్పలేదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే ఆకుపచ్చ డబ్బా అమరాన్‌ది ఒక పక్షం, ఎక్సైడ్‌ది ఇంకో పక్షం. ఈ రెండు పక్షాలూ మా సెంటర్లో వాదించుకుంటుంటే కారెంపూడి రణరంగానికి కోడిపందెం ఒక్కటే తక్కువ. ఏ డబ్బా విప్పినా లోపలున్నది సీసం పలకలు, సీసపు ఆక్సైడు పలకలు, నడుమ గంధకామ్లం. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచివాడు చేసిన ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. ఆరు అరలు, అరకు రెండు వోల్టులకు కొంచెం పైన, నిండుగా ఉంటే మొత్తం పన్నెండున్నర దాటుతుంది. పేరుకన్నా తయారైన తేదీ ముఖ్యం. అంగట్లో నెలల తరబడి చార్జింగు లేకుండా కూర్చున్న పేరుమోసిన బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తేదీ ఏదని అడిగితే అంగడివాడు మనవైపు చూసే చూపుంటుందే, పెళ్లిచూపుల్లో పిల్ల వయసు అడిగినవాణ్ణి కూడా ఎవరూ అలా చూడరు.

పెద్ద: ఇక్కడ ఆగాలి. పెద్దతనం మూడు విధాలు: కొలతలో, సామర్థ్యంలో, ధరలో. మూలకారుడు మొదటి రెంటినీ కలిపేసి మూడోదాన్ని దాచాడు. ట్రాక్టరుకు బ్యాటరీ పెట్టే ఇనప తొట్టి ఒకటుంది. కంపెనీవాడు ఒక కొలతకు చేసిన తొట్టి అది. దానిలో పట్టని బ్యాటరీ తెస్తే ముందు తొట్టి అంచు కోస్తారు, తర్వాత పైన బిగించే పట్టీ తీసి పారేస్తారు, ఆఖరికి సైకిల్ ట్యూబుతో కట్టేస్తారు. దుక్కిలో బండి ఎగిరిన ప్రతిసారీ ఆ బ్యాటరీ కూడా ఎగురుతుంది. లోపల పలకల మీది ముద్ద రాలి అడుగున బురదలా పేరుకుని ఒకరోజు రెండు పలకల్ని కలిపేస్తుంది. అప్పుడు ఒక అర చచ్చిపోతుంది. చచ్చిన అరను చూసి కొట్టు దగ్గర ఏమంటారో పద్యం మొదటి పాదంలో ఉంది.

ఈ ‘పెద్ద’ శబ్దానికి ఈమధ్య కొత్త అర్థం కూడా వచ్చింది: ఇన్వర్టరు బ్యాటరీ. ఇంట్లో ఫ్యాను తిప్పే నిలువెత్తు ట్యూబులర్ బ్యాటరీని ట్రాక్టరుకు ఎక్కించమని సలహా. దానికి తగిలించినవి లావు పలకలు. కొంచెం కొంచెం కరెంటు గంటల తరబడి ఇవ్వడం దాని పని. సెల్ఫ్ మోటారుకు కావాల్సింది తద్విరుద్ధం: రెండు మూడు సెకన్లు, వందల ఆంపియర్లు, ఒక్క ఊపు. సన్న పలకలు ఎక్కువగా పేర్చిన వాహనాల బ్యాటరీ ఆ ఊపుకోసమే చేసింది. నూట యాభై అన్న అంకె చూసి మురిసినవాడికి ఈ తేడా చెబితే, చదువుకున్నోళ్లతో ఇదే తంటా అన్నట్టు నవ్వుతాడు.

ముసలి బండి యైన మురిసి లేచు: అతిశయోక్తి అలంకారం. బాబాయి బండి తాళం తిప్పితే టిక్కుమని ఊరుకునేది. సెల్ఫ్ తీసుకోవట్లేదన్నమాట. లైట్లు మాత్రం బాగానే వెలిగేవి. లైట్లు వెలిగి సెల్ఫ్ తీసుకోకపోతే తీగల వైపే ముందు చూడాలి గదా, అబ్బే, సెంటర్లో అరడజను మంది పెద్దలు బ్యాటరీ మీదే తీర్మానం చేశారు. సత్తెనపల్లి నుంచి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాడొకడు మీటరు తీసి, ఒక కొన బ్యాటరీ ఎర్తు గుంజ మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి, “కొట్టు బాబాయ్ సెల్ఫ్” అన్నాడు. మీటరులో దాదాపు రెండు వోల్టులు కనపడ్డాయి. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి, అర వోల్టు దాటితే తప్పు. పన్నెండు వోల్టుల్లో రెండు దారిలోనే మాయమైతే మోటారుకు మిగిలేదెంత? ఎర్తు వైరు చాసీకి బిగించిన బోల్టు మీద చేయి వేస్తే వేడిగా తగిలింది. విప్పితే కింద తుప్పు, దానిమీద ఎవరో భక్తితో కొట్టిన నీలం పెయింటు, దానిమీద గ్రీజు. మూడు పొరలూ గరుకు కాయితంతో గీకి మెరిసే ఇనుము కనపడ్డాక బిగించాడు. వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్యాటరీ గుంజల మీది పాచి కడిగాడు. బండి లేచింది. మురిసిందో లేదో చెప్పలేను, లేచింది. పెద్దలు మాత్రం మురవలేదు.

అంకెల మీద ప్రేమ ఉన్నవాళ్ల కోసం: రెండు వందల ఆంపియర్లు లాగేటప్పుడు ఒక వోల్టు పోవాలంటే ఆ కీలులో ఓములో రెండు వందో వంతు నిరోధం ఉంటే చాలు. అంత చిన్న తుప్పుకు నూట యాభై ఆంపియర్ల బ్యాటరీ అయినా, తొమ్మిది వందలదైనా ఒకటే.

ఆంపియర్లె రాజులు: ఆంద్రే మారీ ఆంపియర్ రాజు కాడు. పారిస్‌లో లెక్కలు చెప్పుకున్న పంతులు. పైగా 1793లో విప్లవం వాళ్లు లియోన్ పట్నంలో ఆయన తండ్రి తల గిలటిన్ కింద తీయించారు. అలాంటి ఇంటిపేరును పట్టుకుని రాజులనడం కవిసమయం అనుకున్నా అనౌచిత్యమే. ఆయన్ను వదిలేద్దాం. డబ్బా మీద రాసింది ఆంపియర్లు కావు, ఆంపియర్ అవర్లు. 88 అని ఉంటే ఇరవై గంటలపాటు 4.4 ఆంపియర్ల చొప్పున ఇస్తుందని అర్థం. తొట్టి నిండా ఎన్ని నీళ్లున్నాయో చెప్పే అంకె అది, గొట్టం ఎంత లావో చెప్పదు. గొట్టం సంగతి చెప్పే అంకె వేరే ఉంది, సీసీఏ అంటారు. దాని లక్షణం వినండి: సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో, 30 సెకన్లపాటు, 7.2 వోల్టులకు పడిపోకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అన్ని. సున్నాకు దిగువన 18! ఇదే పల్నాడులో రెంటచింతల ఉంది. మే నెలలో పత్రికలవాళ్లు ఎండ తీవ్రతకు మొదట వెతికే ఊరు. ఆ ఊరి రైతు బ్యాటరీ కొనేటప్పుడు కెనడా మంచులో అది ఎలా పనిచేస్తుందో చూసి కొనాలట. మన ఎండకు ఆ పూట బ్యాటరీ హుషారుగానే తిప్పుతుంది, చలిలోకన్నా బాగా. వేడి తినేది దాని ఆయుష్షును. నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, పలకల జల్లెడ తొందరగా తుప్పు పడుతుంది. అందుకే వేడి దేశాల్లో యాసిడ్ సాంద్రత 1.240 దగ్గర ఉంచుతారు, చలి దేశాల్లో 1.280 దాకా వెళ్తారు. ఈ మాట అంకెల రాజుల కొలువులో ఎవరూ ఎత్తరు.

ఇక పద్యంలో లేని పదం. టీకాకారుడికి అధ్యాహారం అని ఒక సౌకర్యం ఉంది, కవి మరిచిన మాటను తానే తెచ్చి కలుపుకోవచ్చు. ఇక్కడ తేవాల్సిన మాట నీళ్లు. పల్నాడులో నీళ్ల ఊసెత్తకుండా పద్యం చెప్పినవాడు మా కవి ఒక్కడే. శ్రీనాథుడంతటివాడు ఈ సీమకొచ్చి గుక్కెడు నీళ్లకు కటకటపడి శివుణ్ణి ఎత్తిపొడిచాడని చాటువులు చెప్పుకుంటారు. ఆయనకు తాగను నీళ్లు లేవు. మనకు బ్యాటరీలో పోయను నీళ్లు లేవు, ఉన్నవి పోయకూడనివి. ఈ నేల కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. పిడుగురాళ్ల బట్టీల్లో కాలేది అదే, సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేది అదే. ఆ రాతిలో నానిన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడతాయి.

ఆ రాయి సామాన్యమైంది కాదు. అమరావతి మహాస్తూపానికి చుట్టూ నిలిపిన పలకలు పల్నాటి సున్నపురాయివే. రెండు వేల ఏళ్ల నాటి శిల్పులు దానిమీద వెంట్రుకవాసి మందాన బట్టల మడతలు చెక్కారు, ఏనుగు లొంగిపోవడం చెక్కారు. ఆ స్తూపం కథలో మా అచ్చంపేట మండలానికీ ఒక పాత్ర ఉందన్నది మా ఊళ్లో చాలామంది మరిచారు. కృష్ణ ఒడ్డున ఉన్న చింతపల్లి మాదే. వాసిరెడ్డివారి రాజధాని అది. పద్దెనిమిదో శతాబ్దం ఆఖరి రోజుల్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టుకున్నాడు. పట్నానికి రాళ్లు కావలసి పక్కనున్న దిబ్బ తవ్విస్తే స్తూపం బయటపడింది. ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ దొర చూసిపోయాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించేనాటికి చాలా పలకలు గోడల్లోకీ మెట్లలోకీ నడిచిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ మిగిలినవి తవ్వించి మద్రాసు పంపాడు, వాటిలో పెద్ద భాగం ఓడెక్కి లండన్ చేరింది. బ్రిటిష్ మ్యూజియంలో వాటికి ప్రత్యేకంగా ఒక గది, అద్దాల గోడ, లోపల వేడీ తేమా హద్దు దాటకుండా ఏర్పాటు. చింతపల్లి నాయుడుగారు ఊరు మారకపోతే అవి ఇక్కడే మట్టి కింద ఉండేవా, ఏ దొర గునపానికో దొరికేవా అని ఒక్కోసారి మాదిపాడు రేవు దగ్గర కూర్చున్నప్పుడు అనిపిస్తుంది. పూర్వపక్షం బలంగా ఉంది, సిద్ధాంతం ఇంకా తేలలేదు.

వ్యాఖ్యేయం ఎక్కడ వదిలానంటే, నీళ్ల దగ్గర. ఆ రాయి కరిగిన నీళ్లు బ్యాటరీలో పోస్తే అందులోని ఉప్పులూ ఇనుమూ లోపలే ఉండిపోయి, బండి ఊరికే నిలబడ్డా చార్జింగు దిగిపోయేలా చేస్తాయి. డిస్టిల్ వాటరు సీసా టీ కొట్టు దగ్గర అయ్యే ఖర్చులో దొరుకుతుంది. ఆర్వో క్యాను నీళ్లు తాగడానికి, దీనికి కాదు. పలకలు మునిగి పైన వేలిగోరంత నీరుంటే చాలు. ‘యాసిడ్ పోస్తే బలం’ అనే వేరే శాఖవాళ్లున్నారు. ఆవిరయ్యేది నీళ్లేగాని యాసిడ్ కాదు, కాబట్టి ఆ శాఖ ఖండితం.

శ్లేష. కొత్త డబ్బాల మీద ఎంఎఫ్ అని ఉంటుంది. బాబాయి బానెట్ మీదా ఎంఎఫ్ అనే ఉంది. తన బండికోసమే చేశారనుకుని ఆయన సంతోషించాడు. బండి మీదిది మాసీ ఫెర్గూసన్, బ్యాటరీ మీదిది నీళ్లు పోయక్కర్లేదని. ఈ రెండు ఎంఎఫ్‌లకూ పొత్తు కుదరదు. మూసేసిన క్యాల్షియం పలకల బ్యాటరీకి చార్జింగు వోల్టేజి పద్నాలుగున్నర దాకా పోతేగాని కడుపు నిండదు. పాత బండిలో ఉన్నది ఆల్టర్నేటరు కాదు, డైనమో. మంచి వయసులో ఉన్నప్పుడే దానికి ఇరవై ఆంపియర్లు గొప్ప. ఇంజను మెల్లగా తిరుగుతుంటే కటౌట్ తెరుచుకుని అసలేమీ పంపదు. రోజుకు పదిసార్లు సెల్ఫ్ కొట్టి, ప్రతిసారీ పొలం గట్టుదాకా పోయి ఆపేవాడి బ్యాటరీ ఎప్పుడూ అర్ధాకలితోనే ఉంటుంది. దాని నాడి చూద్దామంటే మూతలు లేవు, హైడ్రోమీటరు దూర్చడానికి సందు లేదు. డైనమో బండికి ఆరు మూతలున్న పాత కాలపు బ్యాటరీయే తగినది: పన్నెండు వోల్టులు, కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆంపియర్ అవర్లు, తొట్టిలో కూర్చునే కొలత, గుంజలు వైర్లు అందే పక్కన. సిద్ధాంతం ఇంతే, అయితే ఇంత చిన్నమాట గంభీరంగా చెప్పడానికి వీల్లేదు గనక దీన్ని ఎవరూ చెప్పరు.

ఇంకో మతభేదం. అప్పటి ఇంగ్లీషు నమూనా బండ్లు కొన్నిటికి బ్యాటరీ ప్లస్ గుంజను చాసీకి కట్టేవారు. ఇప్పటివాటికి మైనస్. కొత్త బండ్లు మాత్రమే చూసిన కుర్రాడు అలవాటుగా మైనస్ కట్టేస్తే, చిత్రమేమంటే బండి లేస్తుంది. సెల్ఫ్ మోటారు ఎటు కట్టినా ఒకేవైపు తిరుగుతుంది. కాసేపటికి డైనమోకూ బ్యాటరీకీ పడక కటౌట్ పాయింట్లు మాడతాయి. అప్పుడు కొట్టు దగ్గర అడిగితే, చూశావా, బ్యాటరీ చిన్నదైపోయింది అంటారు.

కాసు లెక్కచూడఁ గారాదు: మూలకారుడి మీద నాకు కోపమంతా ఈ పాదం దగ్గరే. ఎవరి కాసు? పెద్ద బ్యాటరీకీ సరైన బ్యాటరీకీ తేడా సొమ్ము, లేదా అసలు అక్కర్లేని బ్యాటరీ సొమ్ము, ఐదారు డీఏపీ బస్తాల ఖరీదు. మిరప కోతల్లో, కాయ గుంటూరు యార్డుకు తోలాల్సిన వారంలో బండి ఆగితే కౌలురైతు బేరమాడడు, అప్పు తెస్తాడు. పాత బ్యాటరీ అంగట్లో ఇచ్చేస్తే తూకానికి కొంత తగ్గిస్తారు. ఆ ఇచ్చేసినదాన్ని ఒక రాత్రి చార్జింగు పెట్టి, లోడు వేసి చూస్తే బతికే ఉండొచ్చు. చూడమని అడిగే తీరిక అతనికి లేదు, చూసి చెబితే అంగడికి అమ్మకం లేదు. బోల్టు విప్పి గరుకు కాయితం రుద్దే పనికి పేరూ రాదు, కమిషనూ రాదు. కండువా సర్దుకుని నూట యాభై అన్నవాడికి మాత్రం మర్యాద దక్కుతుంది, ఇంకో టీ వస్తుంది. ఆ టీ కూడా రైతే ఇప్పిస్తాడు.

రైతన్న: సంబోధన ప్రథమా విభక్తి. సలహా ఇచ్చేటప్పుడు మాత్రమే వాడే మాట.

పాఠాంతరం. నాలుగో పాదం ప్రక్షిప్తమని నా గట్టి అనుమానం. అక్కడ ఉండాల్సిన పాఠం ఇది:

ఎర్తు వైరె మొదట ఎత్తి చూడు

ఐదూ సూర్యగణాలే, యతి చెడలేదు. ‘మొదట ఎత్తి’ దగ్గర విసంధి ఉందని లాక్షణికులు పట్టుకుంటారు. ‘మొదటనెత్తి’ అని దిద్దితే చదివినవాడు ముందు తన నెత్తి తడుముకుంటాడు. అందుకని దాన్ని అలాగే వదిలేసి, సంధి కుదర్చాల్సింది వైరుకూ చాసీకీ నడుమ అని సర్దిచెప్పుకున్నాను. ఈ పాఠం కొట్టు దగ్గర చదివి వినిపిస్తే కండువాయన కళ్లు మూసుకుని విన్నాడు. “పద్యం బాగుంది గానీ అబ్బాయ్, ఆ ఎర్తు వైరు కూడా లావుది వెయ్యాలి” అన్నాడు.

అది మాత్రం నిజమే.